అన్నయ్య మందుగుళికలు, జనార్దన్ రెడ్డిగారి ఎలుకలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు రెండుసార్లు ఫోన్ చేశారు. "మీ సర్వీసు జ్ఞాపకాలు నాలుగు రాయండి, చాలు" అన్నారు. 1968 నుంచి 2004 దాకా, ముప్పయ్యారేళ్ళు ఒక ప్రభుత్వ వైద్య కళాశాల పాథాలజీ విభాగంలో లాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినవాడికి జ్ఞాపకాలేముంటాయి? ఫార్మలిన్ వాసన, మైనపు దిమ్మలు, మైక్రోటోమ్ కత్తికి పదును పెట్టుకోవడం, ఎండాకాలంలో మైనం మెత్తబడిపోతే దిమ్మ మీద ఐసుముక్క పెట్టి కోయడం, ఇంతే. అందులో చదువరులకు పనికొచ్చేది తక్కువ. కాబట్టి ఒక శాస్త్రవేత్త పరిశోధన చరిత్ర రాద్దామనుకున్నాను. ఆయన్ని నేనెన్నడూ చూడలేదు, ఉత్తరం కూడా రాయలేదు. అయినా నలభయ్యేళ్ళకు పైగా ఆయన పేరు నా మనసులో మెదులుతూనే ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా అన్నయ్య సంగతి చెప్పాలి.

అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. హైస్కూలు హెడ్మాస్టరు. నాన్న పోయాక నన్ను చదివించి, ఉద్యోగంలో చేర్చేదాకా నిద్రపోని మనిషి. 1978లో ఛాతీలో బరువుగా ఉంటోందంటే పరీక్షలు చేయించాము. కొలెస్టరాల్ 320 వచ్చింది. ఇప్పుడు మనలో సగం మంది రాత్రిపూట వేసుకునే స్టాటిన్ మాత్రలు అప్పటికి లేవు. వాటిలో మొదటిదైన లోవాస్టాటిన్ అమెరికాలోనే 1987లో గాని అమ్మకానికి రాలేదు. ఉన్నవాటిలో పేరుపడ్డ మందు క్లోఫైబ్రేట్. ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ కనిపెట్టింది. రోజుకు నాలుగు గుళికలు. డాక్టరుగారు అదే రాశారు, అన్నయ్య వేసుకోవడం మొదలుపెట్టాడు.

1980లో ఒక శనివారం మా విభాగంలో జర్నల్ మీటింగు జరిగింది. ఆ రోజుల్లో విదేశీ పత్రికలు ఓడల్లో వచ్చేవి. జనవరి సంచిక చేతికందేసరికి వేసవి వచ్చేది. ప్రొజెక్టరు తిప్పడం నా పని. మా ప్రొఫెసరుగారు ఆ ఏడాది జనవరి 'నేచర్' పత్రికలో వచ్చిన రెండు పేజీల వ్యాసం ఒకటి చదివి వినిపించారు. కొవ్వు తగ్గించే కొన్ని మందులు ఎలుకల కాలేయంలో పెరాక్సిసోమ్‌లనే రేణువులను విపరీతంగా పెంచుతున్నాయనీ, అలా పెంచే రసాయనాలన్నీ కలిసి క్యాన్సరు కారకాలలో ఒక కొత్త తరగతి అనీ దాని సారాంశం. మొదటి రచయిత పేరు జనార్దన్ కె. రెడ్డి. "మన కోఠీ కాలేజీలో చదివినాయనేనయ్యా" అని ప్రొఫెసరుగారు సంతోషంగా చెప్పారు. నాకు సంతోషం కలగలేదు. ఆ మందుల జాబితాలో క్లోఫైబ్రేట్ ఉంది.

ఆ సాయంత్రమే బస్సెక్కి అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. అప్పుడు నాకు ముప్పైనాలుగేళ్ళు. ఎలుకల లివరు ముక్కలు వందలు కోసినవాణ్ణి, గడ్డకట్టిన లివరు ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి. "ఇవి మానెయ్ అన్నయ్యా" అన్నాను. డాక్టరుగారిని అడుగుదామని అననైనా అనలేదు. అన్నయ్య నా మొహంలోకి చూసి, "నువ్వు చెప్తే మానకేం చేస్తానురా" అన్నాడు. 1983 మార్చిలో, పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ గుండెపోటుతో పోయాడు. నలభై ఏడేళ్ళు.

ఆ గుళికలు మాన్పించకపోతే బతికేవాడా? ఈ ప్రశ్న ఇరవై ఏళ్ళపాటు నాలోనే పెట్టుకున్నాను. రిటైరయ్యాక తీరిక దొరికింది. బయోటెక్నాలజీ చదువుకున్న మనవరాలు ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసాలన్నీ అచ్చు తీసి ఇచ్చింది, అర్థం కానిచోట కూర్చోబెట్టి చెప్పింది. ఆ చదువులోంచి వచ్చిందే ఈ చరిత్ర.

జనార్దన్ రెడ్డిగారు ఉస్మానియాలో ఎం.బి.బి.ఎస్. చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.డి. చేసి, 1960ల మధ్యలో అమెరికా వెళ్ళి కాన్సస్ విశ్వవిద్యాలయం పాథాలజీ విభాగంలో చేరారు. ఆ విభాగం కాలేయం మీద పనికి అప్పటికే పేరున్నది. అక్కడినుంచే జాన్ హిగిన్సన్ అనే ఆయన 1966లో ఫ్రాన్సులోని లియోన్ వెళ్ళి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థకు మొట్టమొదటి డైరెక్టరయ్యారు. రెడ్డిగారు డొనాల్డ్ స్వొబోడా అనే ఆయనతో కలిసి పనిచేశారు.

వాళ్ళు చేసిన పనుల్లో ఒకటి మనకు బాగా దగ్గరిది: వేరుశనక్కాయల బూజు. 1960లో ఇంగ్లండులో టర్కీకోళ్ళు లక్షకు పైగా చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి దాణాలో పట్టిన బూజు కారణమని తేలింది. ఆ బూజు విషమే అఫ్లటాక్సిన్. మా ప్రాంతమంతా వేరుశనగ కావడంతో ఆ పేరు వింటే మా విభాగంలో అందరూ చెవులు రిక్కించేవాళ్ళు. రెడ్డిగారు, స్వొబోడా, సాంబశివరావు అనే మరొకాయన కలిసి ట్రీ ష్రూ అనే, చూడ్డానికి ఉడుతలా ఉండే జంతువుకు అఫ్లటాక్సిన్ పెట్టి లివరు క్యాన్సరు తెప్పించి 1976లో ప్రకటించారు. అఫ్లటాక్సిన్ లివరులోకి వెళ్ళాక అక్కడి ఎంజైములే దాన్ని మరింత చురుకైన పదార్థంగా మారుస్తాయి. అది వెళ్ళి డి.ఎన్.ఎ.కు అతుక్కుని అక్షరాలు తారుమారు చేస్తుంది. అప్పటి పాఠం ప్రకారం క్యాన్సరు తెప్పించే రసాయనమంటే ఇలాంటిదే: డి.ఎన్.ఎ.ను నేరుగా పాడుచేసేది. ఈ పాఠం గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఇక పెరాక్సిసోమ్‌ల సంగతి. మన శరీరంలోని ప్రతి కణంలో చిన్న చిన్న గదుల్లాంటి భాగాలుంటాయి. 1954లో స్వీడన్‌లో రోడిన్ అనే విద్యార్థి తన థీసిస్ కోసం చిట్టెలుక మూత్రపిండాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తూ గుండ్రని రేణువులు కొన్ని గమనించి, ఇవేమిటో తెలియక 'మైక్రోబాడీ' అన్నాడు. బెల్జియం దేశస్థుడు క్రిస్టియన్ డి డ్యూవ్ ఆ రేణువుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించే ఎంజైములూ, దాన్ని విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైమూ ఒకేచోట ఉన్నాయని కనిపెట్టి, 1965లో పెరాక్సిసోమ్ అని పేరు పెట్టారు. 1974లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే మనం ఆసుపత్రిలో పుండ్లు కడిగే నురగ మందే. అది కణం లోపలే పుడుతూ, అక్కడికక్కడే ఆరిపోతూ ఉంటుందన్నమాట.

1965లో స్విట్జర్లాండ్‌లో కొందరు, 1966లో కాన్సస్‌లో స్వొబోడా, అజర్నాఫ్ ఇద్దరూ ఒక విచిత్రం చూశారు. క్లోఫైబ్రేట్ పెట్టిన ఎలుకలకు లివరు ఉబ్బుతోంది, దాని కణాల నిండా ఈ రేణువులు కిటకిటలాడుతున్నాయి. మామూలుగా కణంలో రెండు శాతం చోటు కూడా ఆక్రమించనివి ఇరవై శాతం దాటి నిండిపోతున్నాయి. మిగతావాళ్ళు దాన్ని ఒక వింతగా నమోదు చేసి ఊరుకున్నారు. రెడ్డిగారు ఊరుకోలేదు. క్లోఫైబ్రేట్‌కు రసాయన నిర్మాణంలో ఏ పోలికా లేని మందులను కూడా పెట్టి చూశారు. అవీ అదే పని చేశాయి. 1975లో కృష్ణకాంత అనే సహచరుడితో కలిసి 'సైన్స్' పత్రికలో ఈ సంగతి రాస్తూ, ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి 'పెరాక్సిసోమ్ ప్రొలిఫరేటర్లు' అని పేరు పెట్టారు. పెరాక్సిసోమ్‌లను పెంపుచేసేవి అని అర్థం. ఆ పేరే తర్వాత లోకమంతా వాడింది.

ఇక్కడ టెక్నీషియన్‌గా ఒక మాట చెప్పుకోనివ్వండి. ఈ రేణువులు మామూలు రంగుల్లో కనపడవు. కాటలేజ్ ఉన్నచోట గోధుమరంగు తేలే డి.ఎ.బి. అనే రసాయనం వాడితేనే చుక్కలు చుక్కలుగా బయటపడతాయి. చెయ్యి తడబడితే చుక్కలు కాదు, స్లైడు మొత్తం బురద అవుతుంది. ఆ వ్యాసాల్లోని ఫోటోలు చూసినప్పుడు రచయితల పేర్ల కింద కనపడని టెక్నీషియన్లకు నేను మనసులో నమస్కారం పెట్టుకున్నాను.

1976లో ఆయన పని మలుపు తిరిగింది. కాటలేజ్ తక్కువగా ఉండే ఒక జాతి చిట్టెలుకలకు నాఫెనోపిన్ అనే మందు దీర్ఘకాలం పెడితే లివరు క్యాన్సర్లు వచ్చాయి. తర్వాత ఇంకో మందు, ఇంకో మందు. 1979లో క్లోఫైబ్రేట్ తిన్న ఎలుకల్లోనూ కణితులు వచ్చాయని ఇటు రెడ్డిగారూ, అటు స్వొబోడా, అజర్నాఫ్‌లూ ప్రకటించారు. అయితే ఈ మందులను బాక్టీరియాతో చేసే ఏమ్స్ పరీక్షకు పెడితే ఏ దోషమూ కనిపించలేదు. అవి డి.ఎన్.ఎ.ను ముట్టుకోవు. అంటే పాత పాఠం ప్రకారం ఇవి క్యాన్సరు తెప్పించకూడదు, తెప్పిస్తున్నాయి. మరెలా?

రెడ్డిగారి సమాధానం సూటిగా ఉంది. మందు పెడితే కొవ్వు ఆమ్లాలను కాల్చి పెరాక్సైడ్ పుట్టించే ఎంజైములు పది, ఇరవై రెట్లు పెరుగుతున్నాయి. ఆర్పే కాటలేజ్ మాత్రం రెండు రెట్లు కూడా సరిగ్గా పెరగడం లేదు. పొయ్యిలు ఇరవై అయ్యాయి, నీళ్ళ బిందెలు రెండే. ఆ మిగిలిపోయిన పెరాక్సైడే నెలల తరబడి డి.ఎన్.ఎ.ను కాలుస్తోందన్నారు. 1980 జనవరి 'నేచర్' వ్యాసం ఈ నేపథ్యంలో వచ్చింది. అప్పటికి ఆయన షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు.

ఆ హెచ్చరిక మందులతో ఆగలేదు. ప్లాస్టిక్కును మెత్తగా చేయడానికి కలిపే డి.ఇ.హెచ్.పి. అనే పదార్థం కూడా ఎలుకల లివరులో ఇదే పని చేస్తుందని 1976లోనే ఆయన బృందం చూపింది. ఆసుపత్రుల్లో పనిచేసిన మనకు అది కొత్త కాదు. రక్తం ఎక్కించే మెత్తని సంచుల్లో ఉండేది అదే. 1982లో అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో దానివల్ల ఎలుకలకు లివరు కణితులు వస్తాయని తేలింది. గాజు సీసాలు కడిగి కడిగి విసిగిన మా బ్లడ్ బ్యాంకు మిత్రుడు ఒకాయన, సంచులు వచ్చినందుకు మొక్కుకున్నానని చెప్పేవాడు. ఈ సంగతి చెప్తే నా మీద కోప్పడ్డాడు.

ఆ తర్వాతి పదేళ్ళ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. ఎందుకంటే అందులో ఒక పెద్దమనిషి తప్పటడుగు కూడా ఉంది.

ఇన్ని రకాల పదార్థాలు ఒకే పని చేస్తున్నాయంటే, కణంలో వాటన్నిటినీ పట్టుకునే ఒక ప్రోటీను ఉండి తీరాలని రెడ్డిగారు ఊహించారు. దాన్ని గ్రాహకం, ఇంగ్లీషులో రిసెప్టరు అంటారు. 1983లో రేడియోధార్మికత పెట్టిన నాఫెనోపిన్‌ను ఎలుక లివరు రసంలో కలిపి, దానికి అంటుకునే ప్రోటీను ఒకటి దొరికిందని ప్రకటించారు. 1986లో మరో ముఖ్యమైన సంగతి చూపారు: మందిచ్చిన గంటలోనే ఆ ఎంజైముల జన్యువులు మేల్కొని పని మొదలుపెడుతున్నాయి. అంటే ఆజ్ఞ నేరుగా కణం కేంద్రకానికే వెళుతోంది. ఆలోచన అంతా సరైన దారిలో ఉంది. కాని పట్టుకున్న ప్రోటీనును శుద్ధిచేసి గుర్తిస్తే, అది కణాల్లో అంతటా ఉండే హెచ్.ఎస్.పి.70 కుటుంబానిదని తేలింది. వేడి తగిలినప్పుడు ఇతర ప్రోటీనులను కాపాడే ప్రోటీను అది. ఆజ్ఞలిచ్చేది కాదు. ఈ సంగతిని 1990లో ఆయన బృందమే స్వయంగా అచ్చువేసింది. ఏడేళ్ళు వెతికి పట్టుకున్నది వేరే మనిషని తనంతట తాను చెప్పడం చిన్న విషయం కాదు. దాచేసిన స్లైడ్లు, మళ్ళీ కొలిచి 'సరిచేసిన' అంకెలు నా సర్వీసులో కొన్ని చూశాను కాబట్టి చెప్తున్నాను.

అదే 1990లో ఇంగ్లండులో ఇస్సెమాన్, గ్రీన్ అనే ఇద్దరు చిట్టెలుక లివరులోంచి అసలు గ్రాహకం జన్యువును బయటికి తీశారు. వాళ్ళు పనిచేసింది ఐ.సి.ఐ. కంపెనీలోనే. క్లోఫైబ్రేట్ కనిపెట్టిన కంపెనీయే! దానికి వాళ్ళు పెట్టిన పేరు 'పెరాక్సిసోమ్ ప్రొలిఫరేటర్ యాక్టివేటెడ్ రిసెప్టర్', పొట్టిగా పి.పి.ఎ.ఆర్. 1975లో రెడ్డిగారు పెట్టిన మాటే అందులో ఉంది. దొరికింది ఇతరులకైనా, పేరులో ఆయన ఉన్నారు.

ఈ గ్రాహకం ఎలా పనిచేస్తుందో మన ఆఫీసు భాషలో చెప్తాను. జన్యువు అంటే బీరువాలోని ఫైలు. పి.పి.ఎ.ఆర్. సెక్షన్ సూపరింటెండెంటు. కొవ్వు ఆమ్లం గాని, మందు గాని వచ్చి అతని చేతిలో అర్జీ పెడితే, అతను ఆర్.ఎక్స్.ఆర్. అనే ఇంకొకతన్ని తోడు తీసుకుని ఫైలు దగ్గరికి వెళతాడు. అయినా ఫైలు వెంటనే కదలదు. పై సంతకాలు కావాలి. ఆ సంతకాలు పెట్టే ప్రోటీనులను కోయాక్టివేటర్లు అంటారు. రెడ్డిగారి బృందం 1990ల రెండో సగమంతా ఈ సంతకందారుల వెంటపడింది. 1997లో వాళ్ళు పట్టుకున్న ఒకటి, ఇప్పుడు మెడ్1 అని పిలిచేది, చాలా పెద్ద అధికారి అని తేలింది. అది లేకుండా చిట్టెలుక పిల్ల గర్భంలోనే చనిపోతుంది. లివరులో మాత్రమే దాన్ని తీసేస్తే, ఎంత మందు పెట్టినా పెరాక్సిసోమ్‌లు పెరగవు. సూపరింటెండెంటు ఉన్నాడు, అర్జీ ఉంది, సంతకం లేదు!

ఇదే మెడ్1 జన్యువు మనుషుల్లో 17వ క్రోమోజోము మీద, రొమ్ము క్యాన్సరులో పేరుమోసిన హెర్2 జన్యువుకు ఇరుగుపొరుగున ఉంటుంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఈ రెండూ కలిసి ప్రతులు ప్రతులుగా పెరిగిపోతాయి. 1999లో ఆయన బృందం ఈ సంగతి ప్రకటించింది. లివరు దగ్గర మొదలైన దారి ఇలా రొమ్ము క్యాన్సరు కణాల సంకేతాల దాకా వెళ్ళింది. ఈ వ్యాసాల మీద యెల్దండి అంజన అనే పేరు చూసి, మనవాళ్ళు ఎక్కడెక్కడున్నారో అనుకున్నాను. 1990లలో ఆయన నార్త్‌వెస్టర్న్‌లో పాథాలజీ విభాగాధిపతి అయ్యారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎలుకకు వచ్చింది మనిషికి వస్తుందా?

దీనిమీద ఇరవై ఏళ్ళు వాదన జరిగింది. రెడ్డిగారి 'పొయ్యిలు, బిందెలు' వాదానికి గట్టి దెబ్బ 1988లో తగిలింది. నార్త్ కరోలినాలో రెండు రసాయనాలను పోల్చి చూశారు. రెండూ పెరాక్సిసోమ్‌లను ఒకేమాదిరి పెంచాయి, క్యాన్సరు తెప్పించడంలో మాత్రం ఒకటి చాలా బలమైనది, రెండోది బలహీనమైనది. తేడా దేనిలో వచ్చిందంటే, బలమైనది లివరు కణాలను మానకుండా విభజన చేయిస్తూనే ఉంది. అంటే పెరాక్సైడ్ ఒక్కటే కాదు, 'పెరుగు, పెరుగు' అనే సంకేతం ఆగకపోవడం ముఖ్యం. నా తెలివికి అందినంతవరకు, ఆయన మొదటి వివరణ సగమే నిలిచింది. ఆయన వేసిన ప్రశ్న మాత్రం పూర్తిగా నిలిచింది.

1995లో అమెరికాలోని గొంజాలెజ్ ప్రయోగశాల పి.పి.ఎ.ఆర్. ఆల్ఫా లేని చిట్టెలుకలను తయారుచేసింది. 1997లో వాటికి, మామూలు వాటికి కలిపి ఏడాదిదాకా బలమైన మందు పెట్టారు. మామూలు వాటికి లివరు కణితులు వచ్చాయి. గ్రాహకం లేనివాటికి ఒక్కదానికీ రాలేదు. మొత్తం వ్యవహారం ఆ ఒక్క గ్రాహకం గుండానే నడుస్తోందని అప్పుడు ఖాయమైంది. తర్వాత ఇంకో అడుగు వేశారు: చిట్టెలుక గ్రాహకం తీసి, దాని చోట మనిషి గ్రాహకం పెట్టారు. అలాంటి ఎలుకల్లో మందు కొవ్వును తగ్గించింది గాని, లివరు కణాల విభజనను అంతగా రేపలేదు. 2007లో దానికి కారణం కూడా కొంత బయటపడింది. చిట్టెలుక గ్రాహకం లెట్-7సి అనే ఒక చిన్న ఆర్.ఎన్.ఎ.ను అణచివేస్తుంది, దాని అదుపు తప్పిన 'మిక్' అనే జన్యువు కణాన్ని విభజనలోకి తోస్తుంది. మనిషి గ్రాహకం ఆ పని చేయదు. పైగా మన లివరులో ఈ గ్రాహకం ఎలుకలతో పోలిస్తే చాలా తక్కువ. ఈ జాతి మందులు వాడిన రోగుల లివరు ముక్కలను 1980ల్లోనే పరీక్షించి చూస్తే, పెరాక్సిసోమ్‌లలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు.

అంటే అన్నయ్యకు లివరు క్యాన్సరు వచ్చేది కాదు. నా భయం ఎలుకల భయం.

ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కాని మనవరాలు ఇంకో కాగితం ఇచ్చింది. ఎడింబరో, ప్రేగ్, బుడాపెస్ట్ నగరాల్లో 15,745 మంది మగవాళ్ళ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యాన క్లోఫైబ్రేట్‌ను పరీక్షించారు. 1978లో వచ్చిన ఫలితం: ప్రాణం తీయని గుండెపోట్లు నాలుగో వంతు తగ్గాయి. 1980లో 'లాన్సెట్'లో వచ్చిన ఫలితం: మొత్తం మరణాలు, మందు వాడనివారికంటే వాడినవారిలో పావు వంతు ఎక్కువ. గుండెపోటు మరణాలు తగ్గలేదు. పిత్తాశయంలో రాళ్ళు పెరిగాయి. ఆ అదనపు మరణాలు ఒక్క క్యాన్సరు ఖాతాలోకీ చేరవు. మందు ఆపేశాక ఆ తేడా కొనసాగలేదని 1984లో మళ్ళీ చెప్పారు. 2002లో అమెరికాలో క్లోఫైబ్రేట్ మార్కెట్టు నుంచి పోయింది. కాబట్టి ఆ గుళికలు వేసుకుని ఉంటే అన్నయ్య బతికేవాడని చెప్పడానికీ ఆధారం లేదు. నేను చెప్పిన కారణం తప్పు, చేయించిన పని బహుశా తప్పు కాదు. దీన్ని ఏ ఖాతాలో రాసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

మనలో కొందరు ఇప్పుడు వాడుతున్న ఫెనోఫైబ్రేట్ కూడా ఈ వంశంలోనిదే. నాకు ట్రైగ్లిసరైడ్లు 600 దాటితే పోయిన ఏడాది డాక్టరుగారు రాశారు. ఈసారి నేను బస్సెక్కలేదు, ఆయన్నే అడిగాను. 2005లో 9,795 మంది మధుమేహ రోగుల మీద, 2010లో 5,518 మంది మీద పెద్ద పరీక్షలు జరిగాయి; క్యాన్సరు పెరిగినట్టు వాటిలో కనిపించలేదు. అయితే గుండెకు ఆశించినంత మేలూ తేలలేదు. నాలాగా ట్రైగ్లిసరైడ్లు బాగా ఎక్కువైతే క్లోమగ్రంథి వాపు రాకుండా ఇస్తారట. రోజూ వేసుకుంటున్నాను. ఈ వ్యాసం చదివి ఎవరూ తమ మాత్రలు ఆపుకోకండి, దయచేసి. ఆపించినవాడి బాధ ఏమిటో పైన రాశాను.

రెడ్డిగారి పనిలో మనకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. 1998లో ఆయన బృందం, పెరాక్సిసోమ్‌లో కొవ్వును కాల్చే మొదటి ఎంజైమే లేని చిట్టెలుకల సంగతి రాసింది. ఏ మందూ పెట్టకుండానే వాటి లివరు కొవ్వు పట్టింది, వాచింది, వయసు మళ్ళేసరికి కణితులూ లేచాయి. కాలని కొవ్వు ఆమ్లాలే అర్జీలై, ఆ సూపరింటెండెంటుకు పగలూ రాత్రీ పని చెప్పాయన్నమాట. మందు అవసరం లేకుండా మన ఒంట్లోని పదార్థాలే ఆ గ్రాహకాన్ని నడుపుతాయని దీనితో రుజువైంది. ఈ రోజుల్లో స్కానింగు చేయించుకున్న ప్రతివాడికీ 'ఫ్యాటీ లివర్' అని రాసి ఇస్తున్నారు కదా, దాని మందుల వేట చాలావరకు ఈ గ్రాహకాల చుట్టూనే సాగింది. 2013లో మన దేశంలోనే, అహ్మదాబాదు జైడస్ కంపెనీ సరోగ్లిటజార్ అనే మందు తెచ్చింది. అది పి.పి.ఎ.ఆర్. ఆల్ఫాను, గామాను రెంటినీ కదిలిస్తుంది. 2020లో కొవ్వుతో వాచిన లివరు జబ్బుకు దాన్ని వాడటానికి ఇక్కడ అనుమతి వచ్చింది. ఒకప్పుడు ఎలుకల్లో భయపెట్టిన గ్రాహకం, ఇప్పుడు మనుషుల్లో చికిత్సకు గురి అయింది.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు మా వదిన దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, మాట గట్టిదే. నలభయ్యేళ్ళు దాచుకున్నది మొత్తం చెప్పాను: నేచర్ వ్యాసం, ఎలుకలు, నేను వచ్చి మానెయ్యమనడం. అంతా విని, "మీ అన్నయ్య నువ్వు చెప్పావని మానలేదయ్యా. అవి మింగితే కడుపులో తిప్పుతోందని అప్పటికే రెండు నెలలుగా నాలుగుకు ఒకటే వేసుకునేవారు. డాక్టరుగారికి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు" అంది.

నిజంగా జరిగిందే చెప్పిందో, నన్ను ఊరడించడానికి అన్నదో నేను అడగలేదు. "చక్కెర వేసుకోవచ్చా నువ్వు?" అంటూ కాఫీ కలపడానికి లేచింది.